ఆగే విమానం, ఆగని విమానం

మా బావకు విమానాల కంపెనీ ఉందంటే పక్క ఊళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వాల్సిన సంగతే. ఆ కంపెనీలో ఎగిరే విమానం ఒకటి. దానికి అవసరమైనప్పుడల్లా తన ఒంట్లోంచి ఒక ముక్క ఊడదీసి ఇవ్వడానికి షెడ్డులో పడుకుని ఉండే విమానం ఇంకొకటి. ఎగిరేది పొద్దున ఏడింటికి రాజధానికి వెళ్ళి చీకటిపడే వేళకు తిరిగొచ్చేది. ఏడింటికి అన్నది టికెట్టు మీద అచ్చువేసిన మాట. విమానం కదిలేది మాత్రం అందరూ వచ్చాకే.

అదే మా పద్ధతి. మా అక్క, అంటే బావ భార్య, విమానాశ్రయం కౌంటర్లో కూర్చుని ఇళ్ళకు ఫోన్లు చేసేది. "స్నానమైందా వదినా? తొందరేం లేదు. తాళం వేశావో లేదో ఇంకోసారి లాగి చూసుకుని రా" అనేది. నేను డాబా మీద దుర్భిణీ పట్టుకుని నిలబడి రోడ్డు చూసేవాణ్ణి. దుమ్ము లేస్తే "వస్తున్నారు బావా" అని కిందికి కేకేసేవాణ్ణి. బావ మెట్ల బండి పక్కన నిలబడి చెయ్యెత్తేవాడు. చెయ్యి ఎత్తి ఉన్నంతసేపూ విమానం ఆగి ఉండేది. ఒకసారి క్షవరం షాపాయన ఒక గిరాకీకి సగం గడ్డం గీసి వచ్చేశాడు. రెండో సగం ఎలా అని ఆ గిరాకీ కూడా వెంటపడి వస్తే, ఆ మిగతా సగం మెట్ల బండి మీదే అయింది. ఇంకోసారి గాల్లోకి లేచాక ఒక టీచరమ్మకు పొయ్యి ఆర్పానా లేదా అని అనుమానం వచ్చింది. విమానం వెనక్కి తిప్పి ఆవిడ ఇంటి మీదుగా అంత కిందికి దించారు. ఆవిడ కిటికీలోంచి చూసి, "పొగ రావట్లేదు, ఇక పదండి" అంది. నమ్మితే నమ్మండి, ఆ రోజు ఆవిడ దండెం మీద చీర ఒకటి మా విమానం చక్రానికి చుట్టుకుని రాజధాని దాకా వెళ్ళొచ్చింది.

విమానం నడిపేది బావ అల్లుడు. పక్క సీట్లో బావ కూతురు. అల్లుడు వెన్నలాంటి మనిషి. ఎవరైనా సంచి పట్టుకుని పరుగెత్తుకొస్తూ కనబడితే చాలు, చేతులు మీటల మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఇక ఎవరెన్ని చెప్పినా ఆ చేతులు లేచేవి కావు.

ఇలా సాగిపోతుండగా చవక విమానం దిగింది.

దాని అసలు పేరు ఏదో పెద్దది. ఊరంతా చవక విమానమనే అంది. దాని నారింజ రంగు చూస్తే కంటికి నీళ్ళొచ్చేవి. తోక మీద నవ్వుతున్న నోరొకటి వేశారు. టికెట్టు మా దానిలో సగానికి సగం. కానీ సంచికి వేరే, సీటుకు వేరే, కిటికీ పక్కన కూర్చుని మబ్బులు చూస్తే ఆ మబ్బులకు వేరే. సీట్లు ఎంత ఇరుకంటే ముందువాడు గాలి పీల్చుకున్నప్పుడే వెనకవాడు వదలాలి. ఇద్దరూ ఒకేసారి పీల్చారా, ఒకరి చొక్కా గుండీ తెగాల్సిందే. అది బయల్దేరేది ఏడుంపావుకు. ఏడుంపావు అంటే ఏడుంపావే. అప్పుడు మెట్ల మీద ఒక కాలున్నా సరే, ఆ కాలు తీసుకుని కిందికి దిగాల్సిందే.

ఊరంతా ఎగబడి టికెట్లు కొంది. కొని, ఎప్పట్లాగే తాళం రెండుసార్లు లాగి చూసుకుని, దారిలో పలకరింపులన్నీ పూర్తిచేసుకుని విమానాశ్రయానికి వచ్చింది. వచ్చేసరికి నవ్వు నోరు మబ్బుల్లో ఉంది. లోపల ఒక్క మనిషి లేడు.

చవక మేనేజరు మాత్రం బాధపడలేదు. మా అక్క కౌంటరు పక్కనే వాడి కౌంటరు. చేతులు నలుపుకుంటూ అన్నాడు, "బరువు లేదు, చమురు మిగిలింది, మంచినీళ్ళు అడిగేవాడు లేడు. డబ్బు కట్టి రానివాడికి మించిన ప్రయాణికుడు ఇంకెవరుంటారండీ?"

"కట్టిన డబ్బు తిరిగిస్తారా మరి?" అంది అక్క.

"దేనికి? మేం వెళ్ళాంగా."

ఊరివాళ్ళు కూడా ఏమీ అనుకోలేదు. ఎంత చవగ్గా తప్పిపోయిందో చూశావా అని ఒకరికొకరు చెప్పుకుని, మా కౌంటరుకు వచ్చి రెండో టికెట్టు కొనుక్కున్నారు. మా విమానం ఇంకా అక్కడే ఉందిగా. రెండు టికెట్లూ కలిపితే ఎంతైందో ఎవరూ లెక్క వేయలేదు. చవగ్గా కొన్నామన్న ఆనందానికి లెక్కలు అడ్డం. మర్నాడు మళ్ళీ కొన్నారు, మళ్ళీ తప్పిపోయింది. మా బావ మీసం మెలేశాడు. "చూశావుట్రా, వాడు వచ్చాక మన బేరం పెరిగింది" అన్నాడు.

ఆ మీసం ఎక్కువ రోజులు నిలవలేదు. చవక మేనేజరుకు మా ఏడు గంటల వేళ మీద కన్నుపడింది. ఆ పావుగంట చేతికొస్తే వాళ్ళ విమానం రోజుకు ఇంకో ఊరు తిరిగొస్తుందట. వెళ్ళి రాజధానిలో విమానాల అధికారుల చెవిలో వేశాడు: ఏడు గంటల వేళ వీళ్ళకిచ్చారు, వీళ్ళు దాన్ని ఒక్కరోజైనా వాడుకున్నారా అని. మాట నిజమేగా. రాజధాని నుంచి ఒక ఇన్‌స్పెక్టరు దిగాడు. నమస్కారానికి ముందు గడియారం చూసుకునే రకం. నెలాఖరు దాకా రోజూ వచ్చి నిలబడతానన్నాడు. ఒక్క పొద్దున ఏడు దాటినా ఆ సమయం చవక విమానానికి పోతుంది, మాకు మధ్యాహ్నం పన్నెండు ఇస్తారు.

పన్నెండింటికి బయల్దేరి రాజధానిలో ఏం చేస్తారు? కోర్టు లేచిపోతుంది, ఆసుపత్రిలో డాక్టరు ఇంటికి పోతాడు. ఏడు పోతే కంపెనీ మూతే. బావకు ఆ రోజు అన్నం సహించలేదు. నాకు తెలిసి అది మొదటిసారి.

మర్నాటి నుంచి బావ చెయ్యి ఎత్తడం మానేశాడు. అక్క అందరికీ ఫోన్లు చేసి చెప్పింది, ఏడంటే ఏడేనని. అందరూ అలాగే అన్నారు. ఎవరూ నమ్మలేదు. ఏడింటికి మా విమానం ఖాళీగా లేచింది. ఏడుంపావుకు చవక విమానం ఖాళీగా లేచింది. ఊరంతా సంచులు పట్టుకుని కంచె అవతల నిలబడి రెండింటినీ చూసింది. మా అల్లుడు పైకి లేచాక కూడా కంచె వైపు చూసి కళ్ళు తుడుచుకున్నాడని కూతురు చెప్పింది.

క్షవరం షాపాయన సరాసరి బావ మీదికి వచ్చాడు.

"ఏంటయ్యా, నేను వస్తున్నది చూస్తూ చూస్తూ తలుపేశారు?"

"ఏడైందయ్యా. మా ఆవిడ ఫోను చేసి చెప్పిందిగా."

"ఇన్నేళ్ళుగా ఏడని చెబుతూనే ఉన్నారుగా. ఎప్పుడన్నా పట్టించుకున్నామా?"

"మరి మొన్న చవక విమానం నిన్ను వదిలేసి పోతే కిక్కురుమనలేదే?"

"వాళ్ళు పరాయివాళ్ళు. వాళ్ళు వదిలేస్తే అది వాళ్ళ పద్ధతి. మీరు వదిలేస్తే అవమానం. రేపట్నుంచి నీ గడ్డం నువ్వే గీసుకో."

అన్నట్టే బావ గడ్డం పెరిగింది. మా టికెట్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఎలాగూ తప్పిపోయేదానికి చవకదే తప్పిపోనిద్దాం అని ఊరు తీర్మానించుకుంది. చవక విమానానికి అమ్మకం రెట్టింపైంది. ఎలాగూ రారన్న ధైర్యంతో ఆ మేనేజరు ఒక్కో సీటు ఇద్దరికి అమ్మడం మొదలెట్టాడు.

అయినా మా విమానం ఏడింటికే లేస్తోంది. నెల గడిస్తే చాలని బావ పళ్ళు బిగపట్టుకున్నాడు. అది చూసి మేనేజరు ఇంకో ఎత్తు వేశాడు. మా అల్లుణ్ణి లాగేసుకున్నాడు. జీతం ఎక్కువన్నాడు, టోపీకి బంగారు అంచన్నాడు. అల్లుడు వెనకట ఇంకో చోట అలాంటి విమానమే నడిపినవాడు. పైగా ఖాళీ విమానం తీసుకుని కంచె అవతల జనాన్ని చూడలేకపోతున్నాను, అక్కడైతే వాళ్ళు నా జనం కాదు కదా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడట. జనం వాళ్ళేనన్న సంగతి అతని బుర్రకు తట్టలేదు.

ఆ సాయంత్రం అల్లుడు బంగారు అంచు టోపీతోనే భోజనానికి కూర్చున్నాడు. కాపురం బావ ఇంట్లోనేగా మరి. బావ ఎదురుగా కూర్చున్నాడు.

"అల్లుడుగారూ, ఇంకొంచెం వడ్డించమంటారా?" అన్నాడు.

"చాలండీ మామగారూ."

"మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి."

బావ కూర గిన్నె అటు జరిపాడు. తర్వాత వీధరుగు మీద నా మీద పడ్డాడు.

"అడగలేకపోయాన్రా."

"అడగాల్సింది బావా. నీ పైలట్టేగా."

"పైలట్టయితే ఎప్పుడో దులిపేసేవాణ్ణి. అల్లుడు కదరా. అల్లుణ్ణి ఏమంటాం?"

"నన్ను మాత్రం పొద్దున్నుంచీ అంటూనే ఉన్నావుగా."

"నువ్వు బావమరిదివి. నిన్ను అనకపోతే నాకు అన్నం అరగదు."

లోపల్నుంచి కూతురు వచ్చింది. "నాన్నా, ఆయన సంగతి వదిలెయ్. రేపట్నుంచి ఎడమ సీట్లో నేను కూర్చుంటాను. పక్కన రిటైరైన కెప్టెన్ తాతను కూర్చోబెట్టు. నిద్రపోకుండా ఉంటే చాలు."

"మరి ఏడింటికి తీయగలవామ్మా? ఎవరైనా పరుగెత్తుకొస్తూ కనబడితే?"

"ఆయనంటే మెత్తన. నేను అమ్మ కూతుర్ని" అంది.

తీసింది కూడా. ఏడు కొట్టగానే ఆ పిల్ల విమానం లేపుతుంటే ఇన్‌స్పెక్టరు గడియారం సరిచేసుకునేవాడు. అలా నెల చివరి పొద్దు వచ్చింది. ఆ ఒక్కటీ గడిస్తే ఏడు మాది.

ఆ పొద్దున్నే మా అక్క పళ్ళు తెచ్చుకోవడానికి రాజధానికి బయల్దేరింది. కట్టుడుపళ్ళు. పాతవి వదులైపోయి మాట్లాడుతుంటే ఈల వచ్చేది. కొత్తవి సిద్ధంగా ఉన్నాయని డాక్టరు కబురు పెట్టాడు. నెల రోజులుగా ఊరందరికీ ఏడంటే ఏడేనని చెప్పిన మనిషి, తన వరకు వచ్చేసరికి తాళం రెండుసార్లు లాగి చూసుకుంది. మా ఆయన విమానమే కదా, ఎక్కడికి పోతుందనుకుంది.

నేను డాబా మీద ఉన్నాను. గేటు దగ్గర అక్క కనిపించింది. అక్కడ ఊడ్చే ఆవిడతో మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడుతోంది.

"అక్క వస్తోంది బావా" అని అరిచాను.

"నడుస్తోందా, నిలబడిందా?"

"నిలబడింది."

బావ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "ఇన్‌స్పెక్టరుగారూ, ఆవిడ మా ఆవిడండీ."

"అయితే మీరే సర్దిచెప్పుకోవాలి."

"ఒక్క నిమిషం."

"నా దగ్గర నిమిషాల్లేవండీ. ఏడు ఒక్కటే ఉంది."

అక్క కదిలింది. తొందరపడలేదు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. బావ కుడిచెయ్యి తనంతట తనే భుజం దాకా లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టి కిందికి లాగాడు. ఆ రెండు చేతుల కుస్తీ నేను కళ్ళారా చూశాను. కాక్‌పిట్ కిటికీలోంచి కూతురు తండ్రిని చూసింది, తల్లిని చూసింది, ఇన్‌స్పెక్టరును చూసింది. బావ కళ్ళు గట్టిగా మూసుకుని తల ఊపాడు. తలుపు పడింది. మెట్ల బండి తీశారు. అక్క విమానం ఆగి ఉండే చోటికి వచ్చేసరికి విమానం లేదు, అది వదిలిన గాలి మాత్రం ఉంది. ఆ గాలికి జుట్టు ముడి ఊడిపోయింది.

బావ వెళ్ళి ఇన్‌స్పెక్టరు వెనక నిలబడ్డాడు. ఆయన సన్నటి మనిషి. బావ రెండు పక్కలా కనిపిస్తూనే ఉన్నాడు.

అక్క అరవలేదు, తిట్టలేదు. జుట్టు ముడివేసుకుని వెనక్కి తిరిగి చవక కౌంటరుకు వెళ్ళి టికెట్టు కొంది. ఆమె చేతిలో పాత పళ్ళ డబ్బా చూసి మేనేజరు, "ఇది రెండో సంచి కిందికొస్తుందండీ" అన్నాడు. దానికీ కట్టింది. అప్పటికి ఏడుంపావైంది.

చవక విమానం కదల్లేదు.

మేనేజరు చేతిలో రేడియో ఉంది. అందులోంచి మాటలు డాబా దాకా వినిపించాయి.

"కెప్టెన్, ఎందుకు కదల్లేదు?"

"అత్తయ్యగారు నడిచి వస్తున్నారండీ."

"ఎవరి అత్తయ్యగారు?"

"మా అత్తయ్యగారే. ఆవిడ వెనకాల క్షవరం షాపాయన పరుగెత్తుతున్నాడు. ఆయన వెనకాల టీచరమ్మ. ఆవిడ వెనకాల చాలామంది ఉన్నారు."

"వాళ్ళు రాకపోతేనే కదయ్యా మనకు లాభం. మీటల మీద చెయ్యి వెయ్యి."

"చేతులు ఒళ్ళో ఉన్నాయండీ" అన్నాడు అల్లుడు, ఎంతో మర్యాదగా.

చవక విమానం ఆగిందన్న వార్త ఊళ్ళోకి ఎలా పాకిందో తెలియదు. నెల రోజులుగా టికెట్లు కొని ఎక్కనివాళ్ళు, ఆ రోజు కొన్నవాళ్ళు, రేపటికి కొన్నవాళ్ళు, అందరూ వచ్చిపడ్డారు. ఒక్కో సీటుకు ఇద్దరేసి తేలారు. సీటు నాదంటే నాదని చీట్లు చూపించుకున్నారు. ఇద్దరివీ అసలైనవే. మొదటిసారి లోపల కూర్చున్నవాళ్ళకు మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొందరు మోకాళ్ళు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. క్షవరం షాపాయన, "ఇదా ఇన్నాళ్ళూ నాకు తప్పిపోయింది? అదృష్టవంతుణ్ణి" అన్నాడు. మేనేజరు నవ్వు వాడి మొహం మీంచి జారి ఎక్కడో పడిపోయింది. తోక మీదిది మాత్రం నవ్వుతూనే ఉంది.

తగువు తీరి విమానం లేచేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఆ కంపెనీలో ఒక విమానం దిగితేనే ఇంకోచోటివాళ్ళు ఎక్కాలి. ఆ గొలుసులో మా ఊరు మొదటి లంకె. ఆ రోజు పేరు కూడా వినని ఊళ్ళలో జనం పొద్దుపోయేదాకా విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డారట. అక్కడెవరో, ఎందుకింత ఆలస్యమని అడిగితే, ఎవరి అత్తగారో పళ్ళు పెట్టించుకోవడానికి వెళ్ళిందని చెప్పారట.

సాయంత్రానికి అల్లుడి టోపీ పోయింది. ఇన్‌స్పెక్టరు తీర్పు చెప్పేశాడు: ఇంకో ఏడాది ఏడు గంటల వేళ మా బావదే. ఏడాది దాకా వచ్చి చూసేవాళ్ళెవరూ ఉండరు. బావ నన్ను గట్టిగా కావలించుకుని, గడ్డంతో నా చెంప గీరేశాడు.

"ఇక రోజూ ఏడింటికే తీస్తావా బావా?" అన్నాను.

"పిచ్చా ఏంట్రా? ఏడు మన చేతికొచ్చాక దాన్ని వాడడం దేనికి?"

అక్క ఆ సాయంత్రం మా విమానంలోనే తిరిగొచ్చింది. కూతురితో మాట్లాడలేదు, మొగుడితో మాట్లాడలేదు. నోట్లో కొత్త పళ్ళున్నాయి, వాటిని ఎవరికీ చూపించలేదు. బావ ఆ చీకట్లోనే అల్లుడుగారికి పాత సీటు తిరిగిచ్చాడు. ఆయన వద్దన్నాడు, రెండు రోజులు విశ్రాంతి కావాలన్నాడు. అల్లుడు కదా, సరేనన్నారు.

పళ్ళు సరిగా కూర్చున్నాయో లేదో చూపించుకోవడానికి అక్క మర్నాడే మళ్ళీ రాజధానికి వెళ్ళాలి. ఊరు కూడా, ఇంటి విమానం మళ్ళీ ఆగుతుందటగా అని నింపాదిగా వచ్చి ఎక్కి కూర్చుంది. విమానం నిండింది. ఒక్క సీటే మిగిలింది. అక్క మాత్రం మా కౌంటరు వెనక గదిలో బెంచీ మీంచి లేవలేదు.

బావ వెళ్ళాడు. "ఏమే, అందరూ ఎక్కారు."

అక్క గోడ వైపు చూసింది.

"నీ కోసమే ఆపాను. ఇప్పుడు ఎనిమిదైంది. చూడు, ఎనిమిదైనా ఆగే ఉంది."

బావ బెంచీ దగ్గరికి జరిగాడు.

"నిన్న నా పరిస్థితి నీకు తెలియదు. కంపెనీ పోయేది. నీ కంపెనీయే అది."

"కొత్త పళ్ళు" అంది అక్క, ఒక్కో అక్షరం ఏరి పెడుతున్నట్టు. "నిదానంగా మాట్లాడమన్నాడు డాక్టరు. కూర్చోండి."

బావ కూర్చున్నాడు. ఈల రాలేదు. మాట గోడకు మేకు దిగినట్టు దిగుతోంది.

"పెళ్ళైన కొత్త నుంచి మొదలుపెడతాను" అంది.

క్షవరం షాపాయన విమానం దిగి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. టీచరమ్మ దిగింది. ఒక్కొక్కరే, సంచులు సీట్లలో వదిలేసి, చప్పుడు చేయకుండా మెట్లు దిగొచ్చారు. పక్క కౌంటరులోంచి చవక మేనేజరు కుర్చీ ఇటు జరుపుకున్నాడు. వాడి విమానం ఏడుంపావుకే ఖాళీగా వెళ్ళిపోయింది, వాడికి ఇంకేం పని.

కూతురు ఇంజను ఆపేసి, కాక్‌పిట్ కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను పిలిచింది.

"మావయ్యా, అమ్మ ఎంతదాకా వచ్చింది?"

"ఇంకా నువ్వు పుట్టలేదమ్మా" అన్నాను.